డిగ్రీ లేనివారికి ప్రభుత్వ ఉద్యోగాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

పట్టభద్రులు కానివారు నేరుగా పోటీపడి పొందగల ప్రభుత్వ కొలువులు పల్లెటూరి తపాలా కార్యాలయం నుంచి సైన్యంలో లెఫ్టినెంటు హోదా దాకా ఉన్నాయి. వీటికి కనీస అర్హత ఏడో తరగతి, ఎనిమిదో తరగతి, పదో తరగతి, ఇంటర్, ఐటీఐ, పాలిటెక్నిక్ డిప్లొమా, డీఎడ్, నర్సింగ్ శిక్షణ వంటి వాటిలో ఏదో ఒకటి. కేంద్రంలో స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే నియామక బోర్డులు, తపాలా శాఖ, రక్షణ దళాలు ఈ ఉద్యోగాలను భర్తీ చేస్తాయి. రాష్ట్రాల్లో పోలీసు నియామక మండళ్లు, పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, హైకోర్టులు, విద్యాశాఖ, వైద్య నియామక బోర్డులు, విద్యుత్ పంపిణీ సంస్థలు ఆ పని చేస్తాయి.

ఈ కొలువులన్నీ ఒక తీరువి కావు. కొన్నింటికి డిగ్రీ ఉన్నవారూ లక్షల్లో దరఖాస్తు చేస్తారు. కొన్నింటిలో డిగ్రీకి ఎలాంటి విలువా ఉండదు. అక్కడ చేతిపని, దేహదారుఢ్యం, శిక్షణ పత్రం, పుట్టిపెరిగిన ప్రాంతం మాత్రమే లెక్కకొస్తాయి. చదువు మధ్యలో ఆపిన యువకుడికైనా యువతికైనా ఈ రెండింటి మధ్య తేడా తెలియడం చాలా అవసరం.

చరిత్ర

తెలుగు పల్లెల్లో ప్రభుత్వ కొలువు చాలాకాలం వంశపారంపర్యంగా సాగింది. మునసబు కొడుకే మునసబు, కరణం కొడుకే కరణం. 1895 నాటి మద్రాసు చట్టం ఈ పద్ధతికి రక్షణ కల్పించింది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని ఒక గ్రామంలో మునసబు పదవిని పాత మునసబు కుటుంబానికే కట్టబెట్టినప్పుడు, దానికి పోటీపడిన గాజుల దశరథరామారావు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వంశాన్ని బట్టి కొలువు ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకు విరుద్ధమని 1960లో కోర్టు తీర్పు చెప్పింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ గ్రామాధికారుల వ్యవస్థనే రద్దు చేసింది.

మరో అడ్డంకి సమాచారం అందకపోవడం. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలకు తెలియజేయాలని 1959లో చట్టం వచ్చింది. కాలక్రమంలో ఎక్స్ఛేంజి పంపిన పేర్లనే పరిశీలించడం ఆనవాయితీగా మారి, మిగతావారికి కబురే అందకుండా పోయింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటుకు సంబంధించిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని మార్చింది. ఎక్స్ఛేంజికి తెలియజేయడంతో పాటు పత్రికల్లో ప్రకటించి, దరఖాస్తు చేసిన అర్హులందరినీ పరిశీలించాలని చెప్పింది. ఈ రోజు ఊళ్లో కూర్చుని దినపత్రికలో నోటిఫికేషన్ చూసే వీలు వెనుక ఆ కేసు ఉంది.

కేంద్ర ప్రభుత్వ కింది స్థాయి ఉద్యోగాల కోసం 1975 నవంబరు 4న సబార్డినేట్ సర్వీసెస్ కమిషన్ ఏర్పడింది. 1977లో దాని పేరు స్టాఫ్ సెలక్షన్ కమిషన్‌గా మారింది. ఆరో వేతన సంఘం సిఫార్సులతో కేంద్రంలో గ్రూప్-డి అనే తరగతి కనుమరుగైంది. ప్యూన్, దఫ్తరీ, ఫరాష్, చౌకీదార్, మాలీ వంటి పోస్టులన్నీ మల్టీ టాస్కింగ్ స్టాఫ్ అనే ఒకే పేరు కిందికి, గ్రూప్-సిలోకి వచ్చాయి. జీతం పెరిగింది. దానితోపాటు కనీస అర్హత కూడా పదో తరగతికి లేదా ఐటీఐకి పెరిగింది. ఎనిమిదో తరగతితో ఆగిపోయినవారికి కేంద్ర కొలువుల్లో చాలా భాగం అప్పుడే దూరమైంది.

తర్వాతి రెండు మార్పులు గ్రామీణ అభ్యర్థులకు మేలు చేశాయి. 2016 జనవరి 1 నుంచి కేంద్రం గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. సిఫార్సుల కోసం తిరిగే అవసరం, ఎదురుగా కూర్చున్న అధికారిని మెప్పించలేమన్న భయం తగ్గాయి. 2023లో మల్టీ టాస్కింగ్ పరీక్షనూ, 2024 నుంచి కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షనూ తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో రాసే వీలు వచ్చింది. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు ఇది ఆలస్యంగా దక్కిన న్యాయం.

అర్హతల మెట్లు

స్థూలంగా చూస్తే డిగ్రీ లేని అర్హతలు ఇలా విడిపోతాయి.

ఏడు, ఎనిమిది తరగతులు: జిల్లా కోర్టుల్లో ఆఫీస్ సబార్డినేట్, సైన్యంలో కొన్ని ట్రేడ్స్‌మన్ విభాగాలు.

పదో తరగతి: మల్టీ టాస్కింగ్ స్టాఫ్, హవల్దార్, కేంద్ర బలగాల కానిస్టేబుల్, రైల్వే లెవెల్-1 పోస్టులు, గ్రామీణ డాక్ సేవక్, కోర్టుల్లో ప్రాసెస్ సర్వర్.

ఇంటర్: రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్, ఫైర్‌మన్, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, కేంద్ర కార్యాలయాల్లో లోయర్ డివిజన్ క్లర్కు, డేటా ఎంట్రీ ఆపరేటర్, స్టెనోగ్రాఫర్, రైల్వే టికెట్ క్లర్కు, నేషనల్ డిఫెన్స్ అకాడమీ.

వృత్తి శిక్షణ: ఐటీఐతో లైన్‌మన్, టెక్నీషియన్, అసిస్టెంట్ లోకో పైలట్, డీఎడ్‌తో సెకండరీ గ్రేడ్ టీచర్, ఏఎన్ఎం, జీఎన్ఎం, డీఫార్మసీ శిక్షణలతో ఆరోగ్య శాఖ పోస్టులు, పాలిటెక్నిక్ డిప్లొమాతో జూనియర్ ఇంజినీర్.

చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇటీవలి గ్రూప్-4 నోటిఫికేషన్లలో జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు రెండు రాష్ట్రాలూ డిగ్రీ అడిగాయి. పేరులో నాలుగు ఉంది కాబట్టి ఇంటర్ సరిపోతుందనుకుని పుస్తకాలు కొని, దరఖాస్తు వేళకు వెనుదిరిగినవారు ఎందరో. కేంద్రంలో ఇదే తరహా గుమస్తా పనికి ఇంటర్ చాలు.

కేంద్ర ప్రభుత్వ నియామకాలు

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకు తెలుగు రాష్ట్రాలు చెన్నైలోని దక్షిణ ప్రాంతీయ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఏడో వేతన సంఘం ప్రకారం మల్టీ టాస్కింగ్ స్టాఫ్‌కు మూలవేతనం నెలకు 18,000 రూపాయలతో మొదలవుతుంది. దానిపై కరవు భత్యం, ఇంటి అద్దె భత్యం కలుస్తాయి. ఇంటర్ అర్హతతో జరిగే పరీక్షలో ఎంపికైన లోయర్ డివిజన్ క్లర్కుకు 19,900, లెవెల్-4 డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు 25,500 మూలవేతనం. క్లర్కు పోస్టుకు కంప్యూటర్‌పై నిమిషానికి ఇంగ్లిషులో 35 లేదా హిందీలో 30 పదాల వేగం చూపాలి.

స్టెనోగ్రాఫర్ పరీక్షలో డిక్టేషన్ వేగం గ్రేడ్-డికి నిమిషానికి 80 పదాలు, గ్రేడ్-సికి 100 పదాలు. ఒకప్పుడు తెలుగు పట్టణాల్లో వీధికొక టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయర్, హయ్యర్ పాసై షార్ట్‌హ్యాండ్ నేర్చినవారు మద్రాసు, ఢిల్లీ దాకా వెళ్లి స్థిరపడ్డారు. ఆ సంస్థలు తగ్గిపోయినా, డిక్టేషన్ తీసుకునే నేర్పు అవసరం తగ్గలేదు. రాత పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పట్టభద్రులు సైతం ఈ నైపుణ్య పరీక్ష దగ్గర ఆగిపోతారు. ఏడాది, రెండేళ్లు పట్టుదలగా అభ్యాసం చేసిన ఇంటర్ అభ్యర్థి అక్కడ వారిని దాటగలడు.

రైల్వేలో లెవెల్-1 పోస్టులంటే ట్రాక్ మెయింటెయినర్, పాయింట్స్‌మన్, వర్క్‌షాపుల్లో సహాయకులు. పట్టాల వెంట నడిచి ప్రతి బోల్టూ చూసుకునే మనిషిని జనం ఇప్పటికీ గ్యాంగ్‌మన్ అనే పిలుస్తారు. 2019 నోటిఫికేషన్‌లో ఈ పోస్టులు 1,03,769. వచ్చిన దరఖాస్తులు కోటి పైమాటే. 2025 జనవరిలో మరో 32,438 పోస్టులకు దరఖాస్తులు పిలిచారు. కంప్యూటర్ పరీక్షను తెలుగులో రాయవచ్చు. తర్వాత దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది. పురుషులు 35 కిలోల బరువును కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి; 1,000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. మహిళలకు బరువు 20 కిలోలు, పరుగుకు 5 నిమిషాల 40 సెకన్లు. చిన్నప్పటి నుంచి ధాన్యం బస్తాలు ఎత్తిన చేతులకు ఇది కొత్త కాదు. పరుగుకు మాత్రం నెలల తరబడి సాధన కావాలి.

టికెట్ క్లర్కు, ట్రైన్స్ క్లర్కు, జూనియర్ క్లర్కు కమ్ టైపిస్టు పోస్టులకు ఇంటర్ అర్హతతో విడిగా పరీక్ష జరుగుతుంది. రైల్వే పరిరక్షక దళంలో కానిస్టేబుల్‌కు పదో తరగతి చాలు.

తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఎంపికకు పరీక్ష లేదు. పదో తరగతి మార్కులతోనే మెరిట్ జాబితా తయారవుతుంది. మార్కులకు బదులు గ్రేడు పాయింట్లు ఉంటే 9.5తో హెచ్చవేస్తారు. వయసు 18 నుంచి 40 ఏళ్లు. గణితం, ఇంగ్లిషు పాసై ఉండాలి; స్థానిక భాష చదివి ఉండాలి; సైకిలు తొక్కడం రావాలి. రోజుకు నాలుగైదు గంటల పని. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు నెలకు 12,000, సహాయకుడికి 10,000 రూపాయలతో భత్యం మొదలై, దానికి కరవు భత్యం కలుస్తుంది. వీరిది సివిల్ పోస్టేనని సుప్రీంకోర్టు 1977లో చెప్పినా, శాఖలోని రెగ్యులర్ ఉద్యోగులతో సమానమైన జీతం, పింఛను వీరికి దక్కవు. ఊరికి పింఛను సొమ్ము, మనియార్డరు, పొదుపు ఖాతా మోసుకొచ్చే మనిషికి ఇంకా రావాల్సిన గుర్తింపు ఇది. శాఖాపరమైన పరీక్షలు రాసి మల్టీ టాస్కింగ్ స్టాఫ్‌గా, పోస్ట్‌మన్‌గా మారే దారి మాత్రం తెరిచే ఉంది.

యూనిఫాం కొలువులు

కేంద్ర సాయుధ బలగాల్లో కానిస్టేబుల్ పోస్టుకు పదో తరగతి అర్హత, మూలవేతనం 21,700. సాధారణంగా పురుషులకు 170, మహిళలకు 157 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గిరిజనులకు సడలింపు ఉంది. పురుషులు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో, మహిళలు 1.6 కిలోమీటర్లు ఎనిమిదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి.

రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్‌కు ఇంటర్ పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులు పదో తరగతి పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలకు హాజరై ఉంటే అర్హులే. సాధారణంగా పురుషులకు కనీస ఎత్తు 167.6, మహిళలకు 152.5 సెంటీమీటర్లు. పేస్కేలు ఆంధ్రప్రదేశ్‌లో 25,220తో, తెలంగాణలో 24,280తో మొదలవుతుంది. అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అని పిలుచుకునే పరుగు, లాంగ్ జంప్ వంటి పరీక్షల కోసం జిల్లా కేంద్రాల మైదానాలు తెల్లవారుజామున నాలుగింటికే నిండిపోతాయి.

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఎంపికలో నడక పరీక్ష ప్రత్యేకం. పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు అదే సమయంలో 16 కిలోమీటర్లు నడవాలి. నల్లమలలోనో, మన్యంలోనో, ఆదిలాబాద్ అడవుల్లోనో రోజంతా కాలినడకన తిరగాల్సిన ఉద్యోగానికి ఇంతకంటే సూటి పరీక్ష లేదు.

సైన్యంలో సిపాయి స్థాయి నియామకాలు 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కిందికి వచ్చాయి. అగ్నివీర్‌గా సేవ నాలుగేళ్లు. తర్వాత 25 శాతం వరకు మందిని శాశ్వత సేవలోకి తీసుకుంటారు. నెలవారీ ప్యాకేజీ మొదటి ఏడాది 30,000తో మొదలై నాలుగో ఏడాది 40,000కు చేరుతుంది. అందులో 30 శాతం సేవా నిధికి జమవుతుంది. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. బయటకు వచ్చేటప్పుడు సుమారు 11.71 లక్షల రూపాయలు అందుతాయని పథకం ప్రకటనలో చెప్పారు. పింఛను ఉండదు. పదో తరగతితో పల్లె నుంచి బయల్దేరే కుర్రవాడు, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి రావచ్చని తెలుసుకునే వెళ్లాలి. ఆ నాలుగేళ్లలోనే ఇంటర్, డిగ్రీ పూర్తిచేసుకోవడం మేలు.

ఇంటర్ విద్యార్థులు తక్కువగా పట్టించుకునే పెద్ద అవకాశం నేషనల్ డిఫెన్స్ అకాడమీ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి. సైనిక విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. నౌకా, వైమానిక విభాగాలకు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు కావాలి. ఎంపికైనవారు పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం డిగ్రీతో బయటికొస్తారు. తుది శిక్షణ తర్వాత 56,100 మూలవేతనంతో అధికారులవుతారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో అమ్మాయిలకూ ఈ పరీక్ష రాసే హక్కు దక్కింది. ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉండడం తెలుగు మీడియం పిల్లలకు ఎదురయ్యే అవరోధం. ఇంటర్ మొదటి ఏడాదిలోనే కళాశాలలు ఈ పరీక్ష గురించి చెబితే, సర్దుకునే వ్యవధి వారికి దొరుకుతుంది.

చేతిపని, శిక్షణ

ఐటీఐ పత్రంతో తెరుచుకునే సంస్థలు తెలుగు నేల మీదే చాలా ఉన్నాయి. శ్రీహరికోటలోని సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం, హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం, రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, విశాఖలోని నౌకాదళ డాక్‌యార్డు ఫిట్టర్లను, ఎలక్ట్రీషియన్లను, వెల్డర్లను, మెషినిస్టులను తీసుకుంటాయి. ఇస్రోలో టెక్నీషియన్-బి మూలవేతనం 21,700. రాకెట్ ఎగిరిన రోజు టీవీలో శాస్త్రవేత్తలు కనబడతారు. దాని వెనుక పదో తరగతి తర్వాత రెండేళ్లు ఫిట్టర్ ట్రేడ్ నేర్చినవారి చేతులూ ఉంటాయి.

1961 అప్రెంటిస్ చట్టం కింద జరిగే శిక్షణకు స్టైపెండ్ వస్తుంది గానీ, ఉద్యోగానికి హామీ లేదు. అయితే రైల్వే లెవెల్-1 నియామకాల్లో 20 శాతం పోస్టులు రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి కేటాయించారు.

విద్యుత్ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడులో ఐటీఐ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం ఇదే స్థాయిలో ఎనర్జీ అసిస్టెంట్లనూ తీసుకున్నారు. ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసినవారికి గ్రామ సర్వేయర్ పోస్టులు దక్కాయి. లైన్‌మన్ ఎంపికలో స్తంభం ఎక్కి చూపించాలి. తెలంగాణలో మొదట ఈ అవకాశం మహిళలకు ఇవ్వలేదు. హైకోర్టు నుంచి అనుమతి తెచ్చుకున్నాక, సిద్దిపేట జిల్లా యువతి ఒకరు స్తంభమెక్కి 2021లో ఆ కొలువు సాధించారు.

డిగ్రీ లేకుండా దొరికే రాష్ట్ర కొలువుల్లో గౌరవానికీ స్థిరత్వానికీ ముందు చెప్పుకోవలసింది సెకండరీ గ్రేడ్ టీచర్. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ చేసి, టెట్ అర్హత పొంది, డీఎస్సీ రాయాలి. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 6,508 ఈ తరగతివే. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలోని 16,347 పోస్టుల్లోనూ పెద్ద భాగం ఇవే.

ఆరోగ్య రంగంలో శిక్షణ పొందిన ఏఎన్ఎంలు, జీఎన్ఎం చేసిన స్టాఫ్ నర్సులు, డీఫార్మసీ చదివిన ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు డిగ్రీ లేకుండానే ప్రభుత్వ సేవలో చేరుతున్నారు. సంబంధిత కౌన్సిల్‌లో నమోదు చేయించుకుని, ఆ నమోదును గడువులో పునరుద్ధరించుకోవడం తప్పనిసరి.

గౌరవ వేతనం పనులు

అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు ప్రభుత్వం కోసమే పనిచేస్తారు. చట్టం దృష్టిలో రెగ్యులర్ ఉద్యోగులు కారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం అంగన్‌వాడీకి పునాది. ఎంపికలో స్థానిక మహిళ కావడం ముఖ్యం. వీరికి అందేది జీతం కాదు, గౌరవ వేతనం. అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పునివ్వడం పెద్ద ముందడుగు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతుల్లో చేరేవారు కూడా నియామక పత్రంలో తమ హోదా ఏమిటో స్పష్టంగా చదువుకోవాలి. ఒకే కార్యాలయంలో ఒకే బల్ల దగ్గర ఇద్దరు ఒకే పని చేస్తున్నా, వారి జీతం, సెలవులు, భద్రత వేరువేరుగా ఉండవచ్చు.

ఉద్యోగంలో ఉండగా మరణించినవారి కుటుంబంలో ఒకరికి ఇచ్చే కారుణ్య నియామకం మరో దారి. కేంద్రంలో గ్రూప్-సి ప్రత్యక్ష నియామక కోటాలో 5 శాతం దీనికి పరిమితి.

రిజర్వేషన్లు, స్థానికత, వయసు

అఖిల భారత స్థాయి కేంద్ర నియామకాల్లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27, ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం కోటా ఉంది. 2016 చట్టం ప్రకారం దివ్యాంగులకు 4 శాతం ఉంది. గరిష్ఠ వయసులో ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు, ఓబీసీలకు మూడేళ్ల సడలింపు ఇస్తారు. ఎస్సీల ఉపవర్గీకరణకు వీలిచ్చిన సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1 తీర్పు తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ 2025లో ఎస్సీ రిజర్వేషన్‌ను వర్గీకరించాయి. తెలంగాణలో మూడు వర్గాలకు 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5 శాతం. కుల ధ్రువీకరణ పత్రంలో ఉపకులం పేరు సరిగా ఉండడం ఇప్పుడు మునుపటికంటే ముఖ్యం.

రాష్ట్ర కొలువుల్లో స్థానికతకు ఆధారం రాజ్యాంగంలోని 371-డి అధికరణ. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు కింది స్థాయి జిల్లా పోస్టుల్లో 80 శాతం స్థానికులకు కేటాయించాయి. తెలంగాణలో 2018 ఉత్తర్వులతో అది 95 శాతమైంది. అక్కడ ఒకటి నుంచి ఏడో తరగతి వరకు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూసి స్థానిక జిల్లా నిర్ణయిస్తారు. వలస కూలీల పిల్లలు ఇక్కడే చిక్కుల్లో పడతారు. ఏటా ఒక ఊళ్లో చదివి, ఏ బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోలేక, సొంత జిల్లాలోనే స్థానికేతరులుగా మిగిలే ప్రమాదం ఉంది. బడి మారిన ప్రతిసారీ ఆ కాగితం అడిగి తీసుకోవాలని తల్లిదండ్రులకు చెప్పేవారు కావాలి.

ఎక్కువ చదువు, తక్కువ అర్హత

పదో తరగతి స్థాయి పరీక్షల్లో పట్టభద్రుల పోటీ ఈ రంగంలోని అతి పెద్ద సమస్య. చాలా నోటిఫికేషన్లు కనీస అర్హతనే చెబుతాయి, పై హద్దు పెట్టవు. దాంతో ఇంజినీరింగ్ చదివినవారూ గ్యాంగ్‌మన్ పోస్టుకు పోటీపడతారు. కోచింగ్‌కు డబ్బులేని పదో తరగతి అభ్యర్థి వెనుకబడతాడు.

అయితే ఎక్కువ చదువు ప్రతిచోటా పైచేయి కాదని సుప్రీంకోర్టు మూడు తీర్పుల్లో చెప్పింది. జమ్మూకశ్మీర్ విద్యుత్ శాఖలో ఐటీఐ అడిగిన టెక్నీషియన్ పోస్టుకు డిప్లొమా ఉన్నవారు, తమ చదువు పెద్దది కాబట్టి చాలునన్న వాదనతో వచ్చారు. నిబంధనలో లేనప్పుడు పై చదువు కింది అర్హతకు సమానం కాదని 2018లో కోర్టు తేల్చింది. ఇంటర్ దాటి చదవనివారికే ఉద్దేశించిన బ్యాంకు ప్యూన్ పోస్టులో డిగ్రీ దాచిపెట్టి చేరిన వ్యక్తి విషయంలో, వాస్తవం దాచినవారికి కొలువుపై హక్కు లేదని 2020లో పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో చెప్పింది. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులుగా బీఎడ్‌వారు అర్హులు కారని, చిన్నపిల్లలకు బోధించే శిక్షణ డీఎడ్‌లోనే ఉందని 2023 ఆగస్టు 11న తీర్పునిచ్చింది.

ఈ మూడింటి సారాంశం డిగ్రీ లేనివారికి ధైర్యాన్నిస్తుంది. ఐటీఐ, డీఎడ్, ఏఎన్ఎం, స్టెనోగ్రఫీ వంటి దారుల్లో పోటీ ఆ శిక్షణ ఉన్నవారి మధ్యనే జరుగుతుంది. పది తర్వాత ఏదో ఒక శిక్షణ చేతిలో పెట్టుకున్నవారికి, కేవలం జనరల్ నాలెడ్జి పుస్తకాన్ని నమ్ముకున్నవారికంటే ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి.

జాప్యం, మోసాలు

నోటిఫికేషన్‌కూ నియామకానికీ మధ్య కాలం అభ్యర్థుల వయసును తినేస్తుంది. 2019 మార్చిలో పిలిచిన రైల్వే లెవెల్-1 పోస్టులకు రాత పరీక్ష 2022 ఆగస్టులో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నవంబరులో వచ్చిన 6,100 కానిస్టేబుల్ పోస్టుల నోటిఫికేషన్‌కు తుది ఫలితాలు 2025లో వెలువడ్డాయి. అన్నేళ్లు అద్దె గదుల్లో ఉండి చదివిన పిల్లల ఖర్చు వ్యవసాయ కుటుంబాలు అప్పు చేసి భరించాయి. అందుకే ఒకే నోటిఫికేషన్ మీద ఆశలన్నీ పెట్టకుండా, పాఠ్యాంశాలు కలిసే రెండు మూడు పరీక్షలకు కలిపి సిద్ధమవడం, పక్కన ఒక పనో శిక్షణో కొనసాగించడం మంచిది.

ఆశ ఉన్నచోటికే దళారులూ వస్తారు. నకిలీ నియామక పత్రాలు, బ్యాక్‌డోర్ పోస్టుల పేరుతో లక్షలు పోగొట్టుకున్న కుటుంబాల వార్తలు తరచూ వస్తుంటాయి. పరీక్ష రుసుము తప్ప ఏ నియామక సంస్థా అభ్యర్థి నుంచి డబ్బు తీసుకోదు. 2024 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం, కేంద్ర నియామక పరీక్షల్లో అక్రమాలకు పాల్పడేవారికి మూడు నుంచి ఐదేళ్ల జైలు, వ్యవస్థీకృత ముఠాలకు ఐదు నుంచి పదేళ్ల జైలు, కనీసం కోటి రూపాయల జరిమానా విధిస్తుంది.

చేరిన తర్వాత

డిగ్రీ లేకుండా చేరినవారు అక్కడే ఆగిపోవాల్సిన పనిలేదు. కానిస్టేబుల్ హెడ్ కానిస్టేబుల్‌గా, ఏఎస్సైగా ఎదుగుతారు. కార్యాలయ సహాయకులు శాఖాపరమైన పరీక్షలతో గుమస్తాలవుతారు. రైల్వేలో పరిమిత పోటీ పరీక్షలు రాసి కింది స్థాయి సిబ్బంది క్లర్కులుగా, గార్డులుగా మారారు. 1982లో స్థాపితమైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదువుకునే వీలు కల్పించింది. ఇక పదో తరగతి తప్పి బడి మానేసినవారికి రెండు రాష్ట్రాల సార్వత్రిక పాఠశాలలు, జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ తిరిగి పరీక్ష రాసే అవకాశం ఇస్తున్నాయి. పొలంలోనో, దుకాణంలోనో పనిచేస్తూ ఈ పరీక్ష గట్టెక్కడం తేలిక కాదు. కానీ ఇక్కడ చెప్పిన దారుల్లో చాలావాటికి మొదటి గడప అదే.

ఈ కొలువులన్నింటిలో మళ్లీమళ్లీ అడిగే కాగితం పదో తరగతి ధ్రువపత్రం. పుట్టిన తేదీకి ఆధారం అదే, తపాలా కొలువుకు మెరిట్ అదే, ఐటీఐలో సీటుకు మార్కులు అవే. ఒకప్పుడు తెనాలి తాలూకాలో మునసబు కావడానికి తండ్రి పేరు చూసేవారు. ఇప్పుడు చూసేది ఆ పత్రం మీద ఉన్న పిల్లవాడి పేరు, పిల్ల పేరు. ఆ ఒక్క పత్రం చేతికి రాకుండా ఎవరూ బడి మానకుండా చూసుకోవడం పంచాయతీల బాధ్యత, పాఠశాలల బాధ్యత, ఇంట్లో ముందు చదువుకున్న అక్కల, అన్నల బాధ్యత.